మేడమ్ చూసిన పావురం

"ఒసేయ్, నా బొమ్మని తిప్పిందెవరే?"

"నేనే. మనిషిని తలకిందులుగా పెట్టేశారు. చూళ్ళేక సరిచేశా. థాంక్స్ చెప్పవేం?"

కుంచె నెత్తి కొట్టుకుంది. బొమ్మలు వేసే అమ్మాయి కాబట్టి హాస్టల్లో ఆమె పేరు కుంచె. తిప్పిన మహాతల్లి ఆమె రూమ్మేటు, కామర్స్ చదువుతోంది. వంకరగా పడున్న చెప్పుల జతని సర్దకుండా దాటిపోలేదు కనుక ఆమె పేరు సర్దుళ్ళమ్మ. ఇవాళ ఆడిటోరియంలో బొమ్మల్ని స్టాండ్ల మీద పెట్టే బాధ్యత ఆమెదే.

"తలకిందులుగా ఉండాలనే వేశానే తల్లీ! అది పేతురు. కోడి కూసేలోగా 'ఆయనెవరో నాకు తెలీదు' అని ప్రభువు గురించి మూడుసార్లు బొంకాడు చూడు, ఆయన. చివర్లో తనని సిలువ వేస్తుంటే, ప్రభువులా చచ్చే యోగ్యత నాకు లేదు, తలకిందులుగా వెయ్యండన్నాడట."

"మరి సిలువేదీ?"

"చీకట్లో కలిపేశా."

"నువ్వు చీకట్లో కలిపేస్తే నాకెలా తెలుస్తుందే? అయినా నీదొక్కటేనా, ఇంకోటి కూడా అలాగే ఏడిస్తే..."

తలుపులు తెరుచుకున్నాయి. సర్దుళ్ళమ్మ మాట మింగేసింది. తల నెరిసిన న్యాయనిర్ణేత మేడమ్, ఆమె వెనకే ప్రార్థనలు నడిపించే చాప్లిన్ గారు లోపలికి వచ్చారు. ఇక బొమ్మల్ని ముట్టుకోవడానికి లేదు.

ఆ క్రైస్తవ విశ్వవిద్యాలయంలో ఈసారి పోటీకి ఇచ్చిన అంశం 'మహిమ'. బొమ్మ పేరైనా, వేసినవాళ్ళ పేరైనా వెనకే రాయాలి. వేసినవాళ్ళు పక్కన నిలబడి, అడిగినదానికి జవాబు చెప్పాలి. గెలిచిన బొమ్మ ప్రార్థనలు జరిగే చాపెల్ గోడకెక్కుతుంది. ఎక్కిందంటే మళ్ళీ దిగదు. చదువు మొదలుపెట్టిన రోజు నుంచీ కుంచె ఆ గోడ మీది ఖాళీని చూస్తూనే ప్రార్థనకి కళ్ళు మూసుకునేది. ఈ ఏడు దాటితే ఆమెకి మళ్ళీ అవకాశం లేదు.

మేడమ్ ఒక్కో బొమ్మనీ తల ఊపుతూ దాటుకుంటూ వచ్చింది. కుంచె బొమ్మ ముందు ఆగిపోయింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"చాప్లిన్ గారూ, ఇటు రండి! గాయాలున్న చేతులు చాచి ఎలా లేస్తున్నాడో చూడండి. జుట్టూ వస్త్రమూ పైకి ఎగిరిపోతున్నాయి. ఏం వేగమండీ!" కుంచె వైపు తిరిగింది. "పునరుత్థానమే కదమ్మా?"

సర్దుళ్ళమ్మ వెనకనుంచి వేలితో పొడిచింది. "ఊఁ అనవే."

"అవునండి," అంది కుంచె.

"ముఖంలో ఈ ఎరుపు... తెల్లవారుజాము వెలుగు. అంతేనా?"

అది తలలోకి దిగిన నెత్తురు. ఆ ఎరుపు కుదిరేదాకా కుంచె నిద్రపోలేదు.

"అంతేనండి."

"అన్నిటికంటే ఇదిగో, పైనుంచి పరిశుద్ధాత్మలా రెక్కలు విప్పుకుని దిగుతున్న ఈ తెల్ల పావురం! తలమీద అగ్నిజ్వాల కూడా పెట్టావే. పావురమే కదూ?"

అది పేతురు తల దగ్గర, నేలమీద నిలబడి రెక్కలు కొట్టుకుంటూ కూస్తున్న కోడి. అగ్నిజ్వాల దాని జుట్టు.

"పావురమేనండి."

"కొక్కొరొకో!"

హాలంతా ఇటు తిరిగింది. కూత సర్దుళ్ళమ్మ సంచిలోంచి. పూటపూటా మాత్ర వేసుకోవడానికి ఫోన్లో పెట్టుకున్న అలారం. పొద్దున్నే హాస్టలంతా తిట్టుకుంటూ లేచేది దానికే. సర్దుళ్ళమ్మ కంగారుగా సంచిలో చెయ్యిపెట్టి, చేతికందిందేదో నొక్కేసింది. చాప్లిన్ గారితో సహా అందరూ గొల్లుమన్నారు.

కుంచె నవ్వలేదు. బొమ్మలో మనిషి నిటారుగా నిలబడి ఆమెనే చూస్తున్నాడు.

ముందుకెళ్ళి బొమ్మని రెండు చేతులతో ఎత్తింది. తిప్పి, స్టాండు మీద పెట్టింది.

"క్షమించండి మేడమ్. ఇది పేతురు. అది పావురం కాదు, కోడి."

నవ్వులు ఆగిపోయాయి. మేడమ్ దగ్గరికొచ్చి, వంగి చూసింది. ఆమెకి కోపం వచ్చినట్టు లేదు.

"ఇలాగే ఇంకా బాగుందమ్మా," అంది చివరికి. "కానీ నా ముఖం మీదే మూడుసార్లు అబద్ధమాడావు. ఈ చేత్తో నీకు మొదటి బహుమతి ఎలా ఇవ్వను?"

కుంచె తల వంచుకుంది. ఏడుపు రాలేదు. ఎందుకో గుండె కాస్త తేలికపడింది కూడా.

మేడమ్ పక్క స్టాండు దగ్గరికి నడిచింది. అక్కడున్నది మేధావి. క్లాసులో ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, అతను మాత్రం నిజమనే నమ్మాడు. చేతులు కట్టుకుని, బొమ్మకి వీపు పెట్టి, వచ్చినప్పటి నుంచీ జనాన్నే చూస్తున్నాడు. బొమ్మలో మనుషులు లేరు. రెండు వెడల్పాటి పట్టీలు, అంతే. కింద నలుపు, పైన బంగారు రంగు.

"అడుగున చీకటి. దాన్ని తొక్కుకుంటూ లేచే వెలుగు," అంది మేడమ్. "మహిమంటే ఇదీ! చాపెల్ గోడ ఈ బొమ్మదే." అందరూ చప్పట్లు కొట్టబోయారు. ఆమె చెయ్యెత్తి ఆపింది. "ఉండండి. ఒకసారి దెబ్బతిన్నాను. బాబూ, నీది సరిగ్గానే పెట్టారు కదా?"

సర్దుళ్ళమ్మ కుంచె చెయ్యి గట్టిగా నొక్కింది. "నేను తిప్పేశానని ఇందాక చెప్పబోయిన ఇంకోటి... అదేనే!"

మేధావి అప్పుడు వెనక్కి తిరిగాడు. బొమ్మని చూశాడు. ముఖంలో రంగు మారింది. కిటికీలోంచి కనిపిస్తున్న చాపెల్ వైపు ఒక్క క్షణం చూశాడు.

"సరిగ్గానే ఉందండి," అన్నాడు.

సర్దుళ్ళమ్మ సంచిలో కోడి మళ్ళీ కూసింది.