నాలుగో సీటు

షెడ్డులో నిలిపిన చిన్న విమానం ముందు సీట్లో కూర్చుని అతను పక్కనున్న పైలట్ బావ గొంతు పట్టుకున్నాడు.

"తాళం ఇవ్వు బావా. రేపు కొనేవాళ్లొస్తున్నారు, నలుగురితో ఎగిరి చూపించాలి. ఆరేళ్లు ఈ షెడ్డులో పడి చేశాను దీన్ని."

"నలుగురితో నేను ఎగరనురా. వెనక బరువు పడితే తోక కిందికి లాగేస్తుంది," అంటూ బావ మోచేత్తో ఒక్కటిచ్చాడు. అతని పెదవి చిట్లి నెత్తురు మీటర్ల మీద చిందింది.

"ముప్పైసార్లు ఎగిరావు, అప్పుడు తోక లాగిందా, పిరికి వెధవా?"

అతను రెంచి తీసి బావ చేతిమీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడైంది.

"చంపుకుంటారా ఏంటిరా?" అంటూ అక్కా అమ్మా చెరో తలుపులోంచి వెనక సీట్లలోకి ఎక్కారు. అక్క తమ్ముడి జుట్టు పట్టుకుని లాగింది. అమ్మ అల్లుడి కాలరు పట్టుకుంది.

విమానం ముక్కు మెల్లగా పైకి లేచింది. తోక దభీమని నేలకు కొట్టుకుంది. అద్దంలో షెడ్డు తలుపులకు బదులు పైకప్పు కనిపించింది.

ఆ ముప్పైసార్లూ వెనక సీట్లు ఖాళీగానే ఉన్నాయని అతనికి అప్పుడు తట్టింది.

"రేపు ఇక్కడ కూర్చోబెడతానన్నది మమ్మల్నేగా?" అంది అమ్మ.

బావ విరగని చేత్తో తాళం అతని ముందుకు చాపాడు. "ఇదిగో, తీసుకో."

అతను నోట్లో నెత్తురు మింగాడు.

"నీ దగ్గరే ఉంచు బావా."