తువ్వాలు నీడ

నిరుడు మే పదిన అలివేలుమంగ మామిడికాయ పప్పన్నం తిని, తమ రొయ్యల చెరువుగట్టు మీదికెళ్ళి, వడదెబ్బకు చనిపోయింది.

ఈ వేసవి పక్క పొలంలో గణేష్‌బాబు వరిగడ్డికి నిప్పు పెట్టబోతుంటే ఆమె భర్త విశ్వనాథరాజు మండిపడ్డాడు.

“నీలాంటోళ్ళు పొగబెట్టే ఈ ఎండలు తెచ్చారు! మా ఆవిణ్ణి మింగింది చాల్లేదా?”

“అంతా నా గడ్డేనా అండీ? మీ చెరువు మీది డీజిలింజన్లు వదిలేది సాంబ్రాణి పొగా? కొంగలు వాలి రొయ్యలు తింటన్నాయని గట్టు మీది చెట్లన్నీ కొట్టించేశారు. ఆ రోజు అమ్మగారు పడిపోతే నీడే లేదండి. నా తువ్వాలే అడ్డం పట్టుకున్నాను.”

ఆ సంగతి రాజుకు ఇన్నాళ్ళూ తెలియదు. కోపం చల్లారలేదు, తన మీదికే తిరిగింది.

“కాల్చకు. తొలకరికి గట్టంతా మొక్కలు వేయిస్తా. మొదళ్ళలో కప్పడానికి ఆ గడ్డి కావాలి.”

గణేష్‌బాబు అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాడు.

ఆ రాత్రి రాజు ఇంటి చెరువు వైపు తలుపు చప్పుడు కాకుండా మూశాడు, లోపల అలివేలుమంగ నిద్రపోతున్నట్టే.