పక్కన కూర్చున్నావిడ

బెంచీ మీద కాస్త జరగమని అడిగితే, ఆవిడ జరిగింది గానీ ప్రశ్నలు మొదలుపెట్టింది.

“అబ్బాయా, అమ్మాయా?”

“అమ్మాయి. రెండో సంవత్సరం,” అన్నాడు వడ్రంగి.

“ఫీజు మాఫీయేనా?”

అతను భార్య వంక చూశాడు. ముక్కూ మొహం తెలియని మనిషి అడగాల్సిన మాటేనా ఇది?

భార్య మాత్రం తలూపింది. “అవునండీ. బాగా చదువుతుందని మొత్తం మాఫీ చేశారు. ఇప్పుడేమో మార్కులు తగ్గాయి, వచ్చి మాట్లాడమని కబురు చేశారు.”

కాలేజీలో పిల్లల ఆర్థిక సాయం చూసే ఆఫీసు అది. తలుపు ఇంకా తెరవలేదు. అందరికన్నా ముందు వచ్చింది ఆవిడే. బట్టలు కుట్టే మనిషి కాబోలు, కొలతల టేపు మెడలోంచి తీయడం మరిచిపోయింది. వడ్రంగి మనసులోనే ఆవిడకి టేపావిడ అని పేరు పెట్టేశాడు. తనూ టేపుతో బతికేవాడే గానీ, ఎదుటివాళ్ళ బతుకులు కొలవడు.

“మార్కులు ఊరికే తగ్గవు,” అందావిడ. “ఫీజు సరే. హాస్టలుకి ఎవరు కడుతున్నారు?”

“ఫీజు లేకుండా చదువు చెబుతున్నారు, అదే పదివేలు. మిగతాది మా పిల్లే ఏదో చూసుకుంటోంది,” అన్నాడు వడ్రంగి.

“ఏదో అంటే?”

“అది మా ఇంటి సంగతమ్మా.”

ఆవిడ నొచ్చుకోలేదు. “ఇంటి సంగతి పిల్లకి చెబుతారా మరి?”

“దానికెందుకు మా బాధలు? అంతా బాగుందనే చెబుతాం.”

“తనూ మీకు అంతా బాగుందనే చెబుతుంది. దొందూ దొందే.”

భార్యకి నవ్వొచ్చింది. అతనికి రాలేదు.

అంతలో కూతురు వచ్చింది.

“పని పాడుచేసుకుని ఎందుకొచ్చారు నాన్నా? నాకేం ఇబ్బంది లేదు,” అంటూ చేతులు వెనక్కి పెట్టుకుంది.

చేతులతో బతికేవాడికి చేతులే ముందు కనబడతాయి.

“ఏదీ, ఇటివ్వు,” అన్నాడు వడ్రంగి.

వేళ్ళు నీళ్ళలో నాని తెల్లగా పాలిపోయాయి. గోళ్ళ పక్కన తోలు లేచి ఎర్రబడింది.

“ఎక్కడ?”

“హోటల్లో. రాత్రి పూట అంట్లు తోముతున్నా. హాస్టలుకి సరిపోతోంది నాన్నా.”

“క్లాసులో కునికిపాట్లు పడుతున్నావా?” అని అడిగింది టేపావిడ.

అమ్మాయి తలొంచుకుంది. తల్లి ఆ వేళ్ళని తన కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది.

వడ్రంగికి కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు. పక్కనున్నావిడ దొరికింది.

“చూడమ్మా, సలహాలకేం, ఎన్నయినా ఇవ్వొచ్చు. మీకు గడుస్తోంది కాబట్టి కూర్చుని మాట్లాడుతున్నారు.”

“గడవబట్టి కాదయ్యా, నోరు తెరిచి అడగబట్టి. మావాడికి ఫీజుతో పాటు హాస్టలూ మాఫీ చేశారు. ఏటా నేనే వచ్చి ఇంటి పరిస్థితి చెప్పుకుంటా. ఇవాళా అందుకే వచ్చా. అడగందే అమ్మయినా పెట్టదు.”

“చేసిన సాయం చాలదని మళ్ళీ చెయ్యి చాచమంటారా?”

“మీరు చెయ్యి చాచడం నయమో, పిల్ల అంట్లు తోమడం నయమో మీరే చెప్పండి.”

తలుపు తెరుచుకుంది. ఆవిడ సంచి తీసుకుని లోపలికి వెళ్ళింది. కాసేపట్లోనే బయటికొచ్చింది. అమ్మాయి తల నిమిరి మెట్లు దిగింది. వడ్రంగి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

“ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది?” అంది భార్య.

అతను విననట్టే లేచి తలుపు వైపు నడిచాడు. లోపలికెళ్ళాక మాత్రం, ఆఫీసు మేడమ్ మార్కుల సంగతి ఎత్తకముందే నోరు విప్పాడు.

“మేడమ్, మా అమ్మాయి అంట్లు తోమి హాస్టలుకి కట్టుకుంటోంది. నాకు ఇవాళే తెలిసింది. నాకు కొన్నాళ్ళుగా పని సరిగ్గా లేదు, అది తనకి చెప్పలేదు. ఇవాళ్టి నుంచి తను ఆ హోటలుకి వెళ్ళదు. పైఖర్చులు నేను చూసుకోగలను. హాస్టలుకి మాత్రం మీ సాయం కావాలి.”

చెప్పేదాకానే బరువు. చెప్పాక కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

“పని లేదా? నాకెందుకు చెప్పలేదు నాన్నా?” అంది కూతురు.

“నువ్వు చెప్పావా?”

“ఇకనుంచి ఫోన్లో ఇద్దరూ నిజాలే మాట్లాడుకోండి,” అంది తల్లి. “మధ్యలో నేనుంటా. ఎవరు బొంకినా ఊరుకోను.”

మేడమ్ నవ్వింది. “మార్కులు పెంచుకోవడానికి గడువిస్తాం. ఏమ్మా, పెరుగుతాయా?”

“నిద్ర దొరికితే పెరుగుతాయి మేడమ్,” అంది అమ్మాయి ధీమాగా.

“హాస్టల్ మాఫీలు కొన్నే ఉంటాయి. నిన్నటిదాకా ఒక్కటీ ఖాళీ లేదు. ఇవాళే ఒకటి ఖాళీ అయింది. మీరు అడక్కపోతే ఇచ్చే దారి నాకుండేది కాదు. అడిగారు, ఇస్తున్నాను.”

వడ్రంగి చప్పున లేచాడు. “బయట కూర్చున్నావిడ చెప్పబట్టి అడిగానండీ. నేనేమో దురుసుగా మాట్లాడాను. ఒక్క నిమిషం, చెప్పేసి వస్తాను.”

కిటికీలోంచి చూశాడు. గేటు ముందు ఆవిడ ఎక్కిన బస్సు కదిలిపోతోంది.

“కొడుక్కి హాస్టల్ కొనసాగించమని అడగడానికి వచ్చిన మనిషి, కూర్చోనైనా కూర్చోకుండా, వాడు రోజూ ఇంటి నుంచే వచ్చిపోతాడు, ఆ మాఫీ బయటున్న పిల్లకి ఇవ్వండి అని చెప్పి వెళ్ళిపోయింది,” అంది మేడమ్.