మున్నీని ఎవరు ముట్టుకున్నారు?

మున్నీ మళ్లీ పెరిగింది.

కైలాసం ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. నిన్న ఏడో మెట్టు మీద ఉన్నది ఇవాళ ఎనిమిదికి వచ్చింది. పదో మెట్టు ఎక్కితే రూపమే మారిపోతుంది. మారాక వెనక్కి రాదు.

మున్నీ ఫోన్ ఆటలోని చిన్న జంతువు. ఒక చెవి వాలిపోయి ఉంటుంది. అది కైలాసానిది కాదు. లాడ్ బజార్‌లో గాజుల కొట్టు నడిపే దోస్తు నవీద్, హజ్‌కు పోతూ తన ఆటలోంచి తీసి అప్పగించాడు.

“ఫోన్ల ఆటనే లేకుంట చేస్తున్న భాయ్. ఉంటే అక్కడ గూడ చెయ్యి దీని మీదికే పోతది. మిగిలినయన్నీ ఇడిచిపెట్టిన. ఇదొక్కటి నా బిడ్డ యాస్మీన్‌ది. ఆ వాలిన చెవంటే దానికి పానం. పెద్దగైతే చెవి నిక్కుతది. నీ ఆటల గూడ ఆడనియ్యి దాచే పెట్టె ఉంటది కద, అండ్ల వడెయ్యి. వచ్చినంక తీస్కుంట. అమానత్ ఇది.”

అమానత్ అంటే ఇచ్చింది ఇచ్చినట్టే తిరిగి ఇవ్వాలి. ఛత్రినాకలో కైలాసం ఇంట దేవుడికి దీపం పెట్టనిదే ఎవరూ చాయ్ ముట్టరు. అలాంటి ఇంట్లో మాట తప్పడమా? పైగా పసిపిల్ల ముద్దుచేసుకునేదాన్ని పెట్టెలో పడేయడానికి అతనికి మనసొప్పలేదు. కొట్లాటకు వెంట తీసుకెళ్లే తన అయిదు జంతువుల పక్కనే సంచిలో చోటిచ్చాడు. ఒక్కసారి కూడా బరిలోకి దింపలేదు.

ఈ ఆటలో కొట్లాడినదే పెరుగుతుంది. కూర్చున్నది కూర్చున్నట్టే ఉంటుంది. ఆ న్యాయం నచ్చే కైలాసం ఇన్నేళ్లుగా ఆడుతున్నాడు. ఈ మధ్య మరీ కలిసొస్తోంది. తన అయిదూ గబగబా ఎదుగుతున్నాయి. దేవుడి దయ అనుకున్నాడు.

మున్నీ సంగతి మాత్రం దేవుడి దయ కాదు. ఎవరో చాటుగా దాన్ని కొట్లాటకు దింపుతున్నారు.

“నా ఫోన్ ఎవలు ముట్టిండ్రు?”

చిక్కుడుకాయలు తుంచుతున్న భార్య తనూజ తల తిప్పింది. “నాకు నీ మొఖం చూసే తీరికనే లేదు, నీ ఫోన్ ఎవడు చూస్తడు?”

కూతురు మనస్విని పుస్తకంలోంచి తల ఎత్తలేదు. “నాకేం తెల్వది బాపూ.”

ఆ ఎత్తని తలే కైలాసం మనసులో పడింది.

ఫోన్ తాళం మార్చాడు. స్నానానికి పోతూ ఫోన్‌ను దేవుడి పటాల ముందు పెట్టాడు. “నువ్వే చూస్కో సామీ” అన్నాడు. అయినా మున్నీ తొమ్మిదికి ఎక్కింది.

“కొత్త తాళం గూడ చూసినవ్ కద?”

“నేను ముట్టనే లేదు బాపూ.”

“దేవుని ముంగట చెప్పు.”

మనస్విని పటాల ముందు నిలబడింది. దీపం మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. గొంతు వణికింది. ఆ వణుకు అబద్ధానిదే అనుకున్నాడు కైలాసం. ఆ పూట పిల్ల అన్నం తినలేదు.

“గింత దానికి గంత లొల్లి అవసరమా?” అంది తనూజ.

“గింతదా? అమానత్ అది!”

నవీద్ హజ్ నుంచి వచ్చాడని కబురొచ్చింది. కైలాసం సగం పూట సెలవు పెట్టి యాకుత్‌పురాలోని అతని ఇంటికి ఆటో ఎక్కాడు. ఫోన్ పిడికిట్లోనే ఉంది. ఇక ఎవరూ ముట్టలేరు. గుండె దడ తగ్గడానికి ఆటలోని తన పులితో ఒక కొట్లాట ఆడాడు. గెలిచేసరికి ఆటో ఆగింది. తెర ఆర్పేసి దిగాడు.

నవీద్ గట్టిగా కౌగిలించుకున్నాడు. మక్కా నుంచి తెచ్చిన ఖర్జూరాలు, జమ్‌జమ్ నీళ్లు చేతిలో పెట్టాడు. యాస్మీన్ పరుగున వచ్చింది.

“నా మున్నీ ఏది చాచా?”

కైలాసం ఫోన్ తీసి ఆటలోని సంచి తెరిచాడు. మున్నీ రెండు చెవులూ నిక్కబొడుచుకుని నిలబడి ఉంది.

యాస్మీన్ ఫోన్ అందుకుని దగ్గరగా చూసింది.

“మాఫ్ చెయ్యి భాయ్” అన్నాడు కైలాసం తల దించుకుని. “నా బిడ్డనే చేసింది. పొద్దున నేను స్నానంల ఉన్నప్పుడు ఆడినట్టుంది. దేవుని ముంగట ఒట్టేసి గూడ అబద్ధం చెప్పింది.”

యాస్మీన్ ఆ నిక్కిన చెవులనే చూస్తోంది.

“పెట్టెల పెట్టలేదా చాచా?”

“లేదమ్మా. బిడ్డ లెక్క నా సంచిలనే పెట్టుకున్న.”

యాస్మీన్ కళ్లు తుడుచుకుంది.

“ఆట తయారు చేసినోళ్లు ఈ మధ్యనే దాన్ని అల్కగ మార్చిండ్రు కద చాచా, ఇప్పుడు మీరు ఏ దాంతోని గెలిచినా, సంచిల ఉత్తగ కూసున్నయి గూడ పెరుగుతయ్.”