ముందు సీటు

"ఈసారి ముందు సీటు నాది," అంది జిపార, కారు కింద నుంచి బయటికి కనబడుతున్న మొగుడి కాళ్లతో.

కాళ్లు కదల్లేదు. లోపల స్పానర్ చప్పుడు మాత్రం ఆగింది.

"బ్రేకులు చూస్తున్నానే. సీట్ల గొడవ తర్వాత."

"తర్వాతంటే ఇంకో పన్నెండేళ్లకా? పెళ్లయినప్పట్నుంచీ వెనకాల ఉల్లిపాయల బస్తాతో పాటే కూర్చుంటున్నాను. ఇన్నాళ్లకి రెండు కనుమలు దాటి ఇస్సిక్ కుల్ సరస్సుకి వెళ్తున్నాం. దారి పొడుగునా మీ అమ్మగారి తలగుడ్డ చూస్తూ కూర్చోమంటారా?"

మెలిస్ పాక్కుంటూ బయటికొచ్చాడు. ముక్కు నిండా గ్రీజు. "పెద్దావిడ ఉండగా నువ్వు ముందు కూర్చుంటే ఉజ్గెన్ ఊరంతా నవ్వదూ?"

"అయితే నేను రాను. మీరూ మీ అమ్మా వెళ్లి ఈత కొట్టుకోండి."

"ఆపండర్రా, గేదెల్లా అరుస్తున్నారు," అంటూ పాలబకెట్‌తో వచ్చింది మెలిస్ తల్లి ఉమ్సునాయ్. "నేను రావట్లేదు. మోకాళ్లు పట్టేశాయి. పద్నాలుగు గంటలు ఆ డబ్బాలో ఎవరు కూర్చుంటారు? కోడలా, ముందు సీటు నీదే, పో."

అని బోసినోటితో నవ్వింది. జిపార ఆనందం పట్టలేక ఆ పూట అత్తగారి టీలో వెన్న రెండు చెంచాలు ఎక్కువ వేసింది.

మర్నాటి నుంచి కారు పని మెలిస్ చేతుల్లోంచి జారిపోయింది.

"రేడియేటర్ గొట్టం మార్చాలమ్మా. కనుమ ఎక్కుతుంటే నీళ్లు మరిగిపోతాయి."

"మరిగితే ఆపి చల్లార్చుకోవచ్చు. ముందు ఆ సీటు సంగతి చూడు, వెనక్కి వాలట్లేదు. అంత దూరం కోడలు కర్రలా నిటారుగా కూర్చుంటే దాని నడుం ఏం కావాలి?"

మెలిస్ నోరు తెరిచాడు. కోడలికి నడుమనేది ఒకటుందని అమ్మ ఒప్పుకోవడం పన్నెండేళ్లలో అదే మొదలు. వెళ్లి సీటు ఊడదీశాడు.

సీటు వాలింది. మధ్యాహ్నం ఉమ్సునాయ్ మళ్లీ వచ్చింది. "ఆ పక్క అద్దం దిగట్లేదేమిరా?"

"స్టెప్నీలో గాలి లేదు, నేనా ఏడుపులో ఉన్నాను."

"గాలి టైరుకి తర్వాత, ముందు మనిషికి. పాపం దానికి కళ్లు తిరగవూ?"

అద్దం దిగింది. సీటు మీదికి ఉమ్సునాయ్ పెట్టెలోని తెల్లటి గొర్రెతోలు వచ్చింది. ఇంటికి ఎంత పెద్ద చుట్టాలొచ్చినా బయటికి తియ్యని తోలు అది. మెలిస్ వెళ్లి స్టెప్నీలో గాలి కొట్టుకొచ్చాడు గానీ దాన్నెవరూ పట్టించుకోలేదు.

సాయంత్రం పక్కింటి కలీపా వచ్చి ఆవు చుట్టూ తిరిగి చూసింది. "పాలు పితికేటప్పుడు కుడి పక్కనుంచి వెళ్లకు, తంతుంది," అని ఉమ్సునాయ్ ఆమెకి చెబుతుంటే జిపార విని, పాపం అత్తయ్యకి మోకాళ్లు నిజంగానే బాధిస్తున్నట్టున్నాయి అనుకుంది.

దారిలో తినడానికి జిపార మూటలో ఎండు పెరుగు ఉండలు వేస్తుంటే ఉమ్సునాయ్ గుప్పెళ్లతో తీసేసింది. "రాళ్లలా ఉన్నాయి. పిల్లల పళ్లు విరుగుతాయి. పిండి ముక్కలు కోసి మెత్తటి బూర్సోక్‌లు వేయించు. నంచుకోవడానికి మీగడ పెట్టు."

జిపారకి కళ్లు చెమర్చాయి. "మా అమ్మ కూడా నన్నింత బాగా చూసుకోలేదండీ," అంది మొగుడితో.

"అమ్మకి ఒంట్లో బాగాలేదేమోనే," అన్నాడు మెలిస్ భయంగా.

"ఛీ, మీకు పెద్దల మంచితనం కూడా రోగంలా కనిపిస్తుంది!"

బయల్దేరే రోజు ఉదయం ఉమ్సునాయ్ పెనంలో ఎండాకు రాజేసి దిష్టి తగలకుండా కారు చుట్టూ పొగ వేసింది. ముందు సీటుకి రెండుసార్లు వేసింది. అందరూ దగ్గుతుంటే గుండ్రటి రొట్టె తెచ్చి కొడుకు నోటి దగ్గర పెట్టింది.

"కొరుకు. తిరిగొచ్చి మిగిలింది తినాలి."

మెలిస్ కొరికాడు. జిపార కొరికింది. ముగ్గురు పిల్లలూ వరసగా కొరికారు. చిన్నది రొట్టె పట్టుకుని, "నాయనమ్మా, నువ్వూ కొరుకు," అంది.

"ఇంట్లో ఉండేవాళ్లు కొరక్కూడదే తల్లీ. ప్రయాణం వెళ్లేవాళ్లే కొరకాలి," అని ఉమ్సునాయ్ రొట్టెని గుడ్డలో పెట్టి, లోపల మేకుకి వేలాడదీయడానికి వెళ్లింది. కాసేపటికి మూతి తుడుచుకుంటూ బయటికొచ్చింది.

జిపార ముందు సీట్లో కూర్చుంది. గొర్రెతోలు వెచ్చగా తగిలింది. మీట లాగితే సీటు వెనక్కి వాలింది. అద్దం దించి, మోచేయి బయట పెట్టి, వీధిలో ఎవరైనా చూస్తున్నారా అని చూసింది. కలీపా చూస్తోంది. చాలు.

"అయ్యో కోడలా, నడుం కింద దిండు మర్చిపోయావు," అంది ఉమ్సునాయ్. "ఆ మేకు కిందే పెట్టాను. వెళ్లి పట్రా. కనుమల్లో కుదుపులెక్కువ."

"మీరెంత మంచివారు అత్తయ్యా!" జిపార దిగి లోపలికి పరిగెత్తింది.

మేకు కింద దిండుంది. వంగి తీసుకుని లేస్తుంటే గుడ్డలోంచి సగం బయటికొచ్చిన రొట్టె మొహానికి తగిలింది. ఊరికే చూసింది. పెద్ద గాటు మెలిస్‌ది. దాని పక్కది తనది. ఆ మూడు చిన్నవీ పిల్లలవి.

బయట కారు ముందు తలుపు దభీమని మూసుకుంది.

పిల్లల గాట్ల పక్కన ఆరోది ఉంది. దాని మీద ఒక్క పంటి గుర్తు లేదు, చిగుళ్లతో పీకి చప్పరించినట్టు మెత్తగా తడిసి ఉంది.