బడికి పదకొండు కిలోమీటర్లు

గ్వెంబె లోయ బడిలో ఎనిమిదో తరగతికి భూగోళం చెప్పే హమూంగ మాస్టారు, ఆలస్యంగా వచ్చిన చూల్వెను గుమ్మంలోనే ఆపేశాడు.

"మహారాణిగారు వేంచేశారా! ఆ మ్యాపు చూసి చెప్పండి, మీ ఊరు ఇక్కడికి ఎంత దూరం?"

చూల్వె మ్యాపు వంక చూడనేలేదు. "పదకొండు కిలోమీటర్లు సార్."

తరగతంతా నవ్వింది. ఆయన స్కేలు పెట్టి చూపించాడు. "రెండు సెంటీమీటర్లు, అంటే నాలుగు కిలోమీటర్లు! ఈపాటి కొలవడం రాని మొహానికి చదువెందుకే? పోయి మేకలు కాసుకో."

"వంతెన వరదకి కొట్టుకుపోయింది సార్. ఏట్లో దిగుదామంటే మొసళ్లు. కొండ చుట్టూ తిరిగి రావాలి."

"పరీక్షలో అడిగేది మ్యాపు గురించి, నీ కాళ్ల గురించి కాదు. సున్నా!"

మర్నాటి నుంచి చూల్వె రాలేదు. పీడ వదిలిందనుకున్నాడాయన.

వారం తర్వాత హెడ్‌మిస్ట్రెస్ ఆయన్ని పిలిచి ఒక కాగితం ముందుకు తోసింది. "చూల్వె హాస్టల్ దరఖాస్తు. ఎనిమిది కిలోమీటర్లు దాటితేనే సీటట, తిప్పి పంపారు. దూరం కొలిచి రాసింది మీరేగా?"

'నాలుగు' అన్న అంకె పక్కన సంతకం ఆయనదే.

"మాస్టారూ, ఆ పిల్ల ఇంటికి నడిచి వెళ్లండి. వెళ్లొచ్చాక ఈ అంకె మీరే దిద్దండి."