సగటులో చేరని ఇల్లు

విజయవాడలో ప్రతి ఇంటి గోడా లోపల వేడి ఎన్ని డిగ్రీలో తానే చెప్పే రోజులవి. సుభాషిణి టీచర్ ఆ అంకెలతోనే పిల్లలకు సగటు నేర్పుతోంది.

ఇరవైమంది ఉన్న తరగతిలో బోర్డు మీదకు పందొమ్మిది అంకెలే వచ్చాయి.

"మీ ఇంటిదేదమ్మా, సుగుణా?"

"నలభై తొమ్మిదండీ. మాది రేకుల ఇల్లు. అది కలిపితే అందరి లెక్కా చెడిపోద్దని తీసేశానండీ."

"పగలు ఇంట్లో ఎవరుంటారు?"

"మా నానమ్మ ఒక్కతే."

సుభాషిణి బోర్డు దగ్గరికి నడిచింది. "మీ ఇల్లు లేకపోతేనే లెక్క తప్పు తల్లీ," అంటూ ఆ అంకెను తన చేత్తో రాసింది.

మర్నాడు పిల్లలే వెళ్ళి నానమ్మను బడిలో చల్లగా ఉండే తమ తరగతి గదికి తీసుకొచ్చి, ముందు బెంచీ మీద కూర్చోబెట్టారు. పాఠం మొదలయ్యేలోపే ఆవిడ నిద్రలోకి జారుకుంది. ఆ రోజు సుభాషిణి పాఠమంతా గుసగుసగా చెప్పింది.